కమాన్ కట్టల లెక్క



పాలకుర్తి దగ్గర మా ఊళ్ళో, ఇంటి వెనక రేకుల షెడ్డు కింద ఒక పాత జీపు ఉన్నది. జీపు అంటే సగమే నిజం. ముందు సగం జీపు, డ్రైవరు సీటు వెనక నుంచి తొట్టి. మా బాపు డెబ్బైల్లో కొన్న లాంగ్ చాసిస్ మహీంద్రా అది. కొన్న కొత్తల్లో వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, పైన టార్పాలిన్ టాపు ఉండేవి. నాకు ఊహ తెలిసేసరికి బల్లలు పోయినయి, టాపు పోయింది, వెల్డింగు షాపులో కొట్టించిన ఇనుప తొట్టి వచ్చి కూర్చున్నది. పికప్ ట్రక్కు అంటారు కదా, అది మా ఇంట్లో గ్యాస్ కట్టర్ కడుపున పుట్టింది.

మొన్న దసరాకు మా మేనల్లుడు వచ్చిండు. హైదరాబాదులో ఉద్యోగం. జమ్మి చెట్టు కాడికి పోయి వచ్చినంక నా పక్కన కూర్చుని ఫోనులో ఒక బొమ్మ చూపించిండు. అరవైల నాటి షెవ్రొలె పికప్పు, అమెరికాది. పాలపిట్ట రెక్క రంగు. నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున, చెరువులో మునిగిన బర్రె లాగ పడుకుని ఉన్నది. "మామా, మన బండిని గూడ ఇట్ల కిందికి దించుదాం" అన్నడు.

నేను నవ్విన. ఎందుకంటే జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల్లో బండిని కిందికి దించమని అడిగిన మనిషిని నేను చూడలేదు. 2016 అక్టోబరు 11న విడిపోయేదాకా ఇవి చాలావరకు ఒకే వరంగల్ జిల్లా. మిర్చి, పత్తి, వడ్లు, ఇసుక, బొగ్గు, జాతర జనం... ఏదో ఒకటి ఎత్తుకుని పోయే బండ్లే ఇక్కడ అన్నీ. కమాన్ షాపుకు వచ్చిన వాడు ఎవడైనా అడిగేది ఒకటే మాట: "ఇంకో పట్టీ ఎక్కియ్యి."

కమాన్ అంటే ఉర్దూలో విల్లు. లారీ కింద, జీపు కింద వంపు తిరిగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి చూడండి, వాటినే మనం కమాన్ కట్టలు అంటాం. అన్నిటికంటే పొడుగుది మెయిన్ పట్టీ. దాని రెండు చివర్లు గుండ్రంగా చుట్టి ఉంటాయి, అవి కండ్లు. ఒక కన్ను చాసిస్‌కు బిగుస్తుంది, రెండో కన్ను షాకిల్ అనే ఊగే ముక్కకు వేలాడుతుంది. బరువు పడితే విల్లు సాగి పొడుగవుతుంది, ఆ పొడుగును షాకిల్ వెనక్కి ఊగి సర్దుకుంటుంది. నడుమ ఒక సెంటర్ బోల్టు, ఇరుసుకు కట్టి పట్టే యూ బోల్టులు. అంతే యంత్రం. ఎడ్లబండికి ఇది లేదు, అందుకే ఎడ్లబండి మీద పోయిన నడుముకు ఆ సంగతి మరుపు రాదు.

మేనల్లుడి పోరు పడలేక జనగామ పోయినం. హైదరాబాదు నుంచి భూపాలపట్నం పోయే 163 నంబరు జాతీయ రహదారి పక్కన, ఊరి చివర, ఒక కమాన్ షాపు. నలభై ఏళ్ళుగా పట్టీలు వంచుతున్న చాచా ఉన్నడక్కడ. మా బాపును ఎరిగిన మనిషి. మేనల్లుడు ఫోను చూపించిండు. చాచా అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసిండు.

"మంచిగున్నది. ఇండ్ల ఏమేసుకపోతరు?"

"ఏమీ ఎయ్యరు చాచా. ఊర్కె తిరుగుతరు."

"ఊర్కె తిరగనీకె ఇంత పెద్ద తొట్టి ఎందుకు?"

ఈ ప్రశ్నకు మావాడి దగ్గర జవాబు లేదు. నిజానికి అమెరికాలోనూ ఆ కథ అట్లనే మొదలైంది, కాసేపటికి చెప్తాను.

చాచా గోనెసంచి పరిచి బండి కిందికి దూరిండు. కింది నుంచే అన్నడు: "సారూ, దించుడు తర్వాత. ముందుగాల లెక్కవెట్టాలె. మీ బాపు ఏమేం ఎక్కించిండో సూడాలె."

వెనక కుడి కట్టలో పదకొండు పట్టీలు లెక్కకొచ్చినయి. ఎడమ కట్టలో పన్నెండు. వాటిలో కంపెనీవి ఎనిమిదేనని చాచా తేల్చిండు. ఎట్ల తెలిసిందంటే, కంపెనీ పట్టీ చివర సన్నగా మలిచి ఉంటుంది, మన దగ్గర ఎక్కించినవి శానంతో సమంగా తెగ్గొట్టి ఉంటాయి. మందం కూడా కలవదు. లారీ కట్టలోంచి తీసిన పట్టీని కోసి జీపుకు ఎక్కించిన రోజులవి.

అప్పుడు నాకు ఒక్కొక్క పట్టీ గుర్తుకొచ్చింది. ఒకటి మిర్చిది. మా చిన్నమ్మ వాళ్ళది మానుకోట దిక్కు, అదే ఇప్పటి మహబూబాబాదు. చలికాలం పోతుంటే కల్లంలో మిర్చి ఎండేది, బస్తాలు కట్టి వరంగల్ మార్కెట్‌కు తోలేవాళ్ళు. నలభై కిలోల బస్తాలు ఇరవై ఐదు పేరిస్తే టన్ను. రెండోది మేడారం పట్టీ. రెండేళ్ళకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల జాతరకు మా వాడకట్టు వాడకట్టంతా ఆ జీపులోనే పోయేది. బెల్లం, మేక, పొయ్యి కట్టెలు, ముసలోళ్ళు, పిల్లలు. మూడోది తొట్టిది. తొట్టే రెండు క్వింటాళ్ళు ఉంటుంది, దాన్ని మోయడానికే ఒక పట్టీ. ఇక ఎడమ కట్టలో ఆ పన్నెండోది? చాచానే చెప్పిండు. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా ఉంటాయి. మనం ఎడమ అంచున పోతాం. ఏళ్ళ తరబడి బరువుతో అట్ల పోతే ఎడమ కట్ట ముందు అలుస్తుంది, బండి ఎడమకు ఒరుగుతుంది. ఆ ఒరుగుడుకు మా బాపు చేసిన వైద్యం అది.

ఇప్పుడు ఈ బండి పుట్టుక చూడండి. అమెరికా సైన్యం రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ జీపుకు సైన్యం లెక్కల్లో పేరు 'పావు టన్ను ట్రక్కు'. మోసేది దాదాపు 360 కిలోలు. 1945లో ఉక్కు వ్యాపారంగా 'మహీంద్రా అండ్ మొహమ్మద్' పేరుతో మొదలైన కంపెనీ, దేశ విభజన తర్వాత 'మహీంద్రా అండ్ మహీంద్రా' అయింది. అందులో భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్తాను పోయి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, ఆ తర్వాత గవర్నర్ జనరల్ అయిండు. ఇక్కడ మిగిలిన మహీంద్రా అన్నదమ్ముల కంపెనీ విల్లీస్ జీపును మన దేశానికి తెచ్చి బిగించడం మొదలుపెట్టింది. తర్వాత చాసిస్ పొడుగు చేసింది, డీజిల్ ఇంజన్ పెట్టింది. కాని రక్తం మాత్రం ఆ పావు టన్నుదే. ఆ పావు టన్ను నెత్తిన మనం టన్ను పెట్టినం. మిర్చి బస్తాలు దించి, మనుషులను ఎక్కించి, గూడూరు, కొత్తగూడ అడవి దారుల్లో తోలినం. తొంభైల్లో ఏపీ 36, అంటే మన వరంగల్ నంబరున్న మహీంద్రా కమాండర్ జీపుల వెనక బంపరు మీద నిలబడి ప్రయాణం చేసినోళ్ళు ఈ ప్రసంగం వింటుంటే వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు.

బరువు మోసినన్ని దినాలు ఆ అదనపు పట్టీలు న్యాయమే. బరువు పోయింది. బాపు పోయిండు. మిర్చి ఇప్పుడు వేరే బండ్లల్లో పోతున్నది. ఖాళీ జీపు మాత్రం తేలు తోక ఎత్తినట్టు వెనక భాగం ఎత్తి నిలబడ్డది, గుంతలో పడితే కుందేలు లెక్క ఎగురుతున్నది. లేని బరువు కోసం ఎదురుచూస్తున్న కమాన్లు అవి.

ఈ ఎగురుడు వెనక చిన్న లెక్క ఉన్నది, చెప్తా. బండి తన బరువుకు కమాను మీద ఎంత కుంగిందో, దాన్ని బట్టే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తేలుతుంది. 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒక ఊపు. అది మెత్తని కారు నడక. 6 సెంటీమీటర్లు కుంగితే రెండు ఊపులు. 4 సెంటీమీటర్లే కుంగితే రెండున్నర. ఎనిమిది పట్టీల కట్టకు అదే మందంవి ఇంకో నాలుగు కలిపితే బిర్రు సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది, అంటే 6 కుంగే చోట 4 కుంగుతుంది. మందం మారితే మరీ ఘోరం. పట్టీ బిర్రు దాని మందం ఘనంతో పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ తీసి 8 మిల్లీమీటర్లది పెడితే ఒక్క పట్టీ రెండు పట్టీల కంటే ఎక్కువ పని చేస్తుంది. లారీ పట్టీని జీపుకు ఎక్కించిన వాళ్ళు ఈ లెక్క కాగితం మీద చెయ్యలేదు, నడుముతో చేసిన్రు.

ఇప్పుడు అమెరికా కథ. బండిని దించే సరదా లాస్ ఏంజిల్స్ చుట్టుపక్కల, మెక్సికో మూలాలున్న కుర్రవాళ్ళ మధ్య, యుద్ధం ముగిసిన తర్వాతి కాలంలో పెరిగింది. కొత్త కార్లు కొనే స్తోమత లేదు, పాతవి దొరికేవి. తెల్లవాళ్ళ కుర్రకారు బండ్ల ముచ్చట వేగం. వీళ్ళు ఉల్టా పట్టుకున్నరు. తక్కువ ఎత్తు, నింపాది నడక, ఊరంతా చూసేటట్టు ఊరేగింపు. వాళ్ళు బండిని దించడానికి మొదట్లో చేసిన పని ఏంటో తెలుసా? వెనక డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకునేవాళ్ళు!

ఇది చెప్తే చాచా పకపక నవ్విండు. "మహదేవ్‌పూర్ దిక్కు పోతే అన్ని లారీలు గట్లనే ఉన్నయి గద సారూ. గోదావరి ఇసుకేసుకొని కట్టలు సక్కగ సాగి, టైరు బాడీకి తగులుతుంటది. ఆళ్ళంత షోకిలాలే అయితే." భూపాలపల్లి రోడ్డు మీద బొగ్గు టిప్పరు వెనకా, కాళేశ్వరం రోడ్డు మీద ఇసుక లారీ వెనకా పోయినవాళ్ళు ఆ షోకు చూసే ఉంటరు.

ఇసుక తర్వాత స్ప్రింగులు కోయడం వచ్చింది. బండ్లు మరీ నేలకు రాస్తున్నాయని కాలిఫోర్నియాలో ఒక చట్టం తెచ్చిన్రు, వాహనాల చట్టంలో 24008 నంబరు సెక్షన్. బండిలో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగు కంటే కిందికి రాకూడదు అని. దానికి విరుగుడుగా రాన్ అగిర్రె అనే కుర్రవాడు, యాభైల చివర్లో, పాత యుద్ధ విమానాల హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కార్వెట్ కారుకు బిగించిండు. పోలీసు కనిపిస్తే మీట నొక్కుతాడు, కారు లేస్తుంది. పోలీసు పోతే మళ్ళీ కూర్చుంటుంది. ఆ చట్టం ఆంక్షలను కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో ఎత్తేసింది, 2024 జనవరి నుంచి అమలు. అరవై ఏళ్ళు దాటి నడిచిన దొంగాట అది. దించిన కార్లల్లో ఒకటి, 1969 నాటి ఫోర్డు, వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. మన దగ్గర కమాండర్ జీపును ఏ మ్యూజియమూ అడగలేదు.

పికప్పులను దించడానికి వాళ్ళ దగ్గర ఇంకో తెలివి ఉన్నది. చాలా ట్రక్కుల్లో వెనక ఇరుసు కమాన్ కట్టకు కింద ఉంటుంది. దాన్ని విప్పి కట్టకు పైన బిగిస్తే, ఇరుసు లావు, కట్ట లావు కలిసి ఐదారు అంగుళాలు ఒక్క దెబ్బకు దిగుతుంది. మరీ దిగితే ఇరుసు వచ్చి చాసిస్‌కు కొడుతుంది, అప్పుడు చాసిస్ పట్టాను ఆ చోట సి అక్షరం ఆకారంలో కోసి, దానికి బలంగా ఇనుము కుట్టి చోటు చేస్తరు. మావాడు ఇదంతా చదివి వచ్చిండు. "మామా, ఇరుసు పైకి మార్పిద్దాం" అని. చాచా వాడిని చెయ్యి పట్టి కిందికి గుంజి టార్చి కొట్టి చూపించిండు. విల్లీస్ రోజుల నుంచే ఈ జీపుల్లో ఇరుసు కట్టకు పైన్నే ఉన్నది! అమెరికా వాళ్ళు డబ్బులు పోసి చేయించుకునే పని మన జీపుకు కంపెనీలోనే అయిపోయింది. అందుకే అడవుల్లో, రాళ్ళల్లో జీపు తోలే సరదా ఉన్నవాళ్ళు దీన్ని ఉల్టా చేసి, ఇరుసును కట్ట కిందికి మార్చి, బండిని లేపుకుంటరు. ఒకడి దించుడు ఇంకొకడి లేపుడు.

దించితే నేలకు తగులుతుంది గదా అని చాలామంది భయపడతరు. ఇరుసు మొత్తం ఒకే ఇనుప గొట్టంగా ఉన్న ఇటువంటి బండిలో అన్నిటికంటే కిందుండేది నడుమ లావుగా ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్. అది చక్రంతోటే ఉంటుంది. కమాన్లు ఎంత దించినా దాని ఎత్తు మారదు, టైరు మారిస్తేనే మారుతుంది. దిగేది చాసిస్, సైలెన్సర్ గొట్టం, తొట్టి. అసలు పోయేది పైకీ కిందికీ ఆడే జాగా. రోడ్ల మీద స్పీడ్ బ్రేకరుకు కూడా లెక్క ఉన్నది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన నున్నగా 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు. గంటకు 25 కిలోమీటర్ల వేగం మీద దాన్ని ఏ బండైనా దాటుతుంది. మన ఊళ్ళల్లో వేసినవి అట్లున్నయా? ఇంటి ముందు పిల్లలు ఆడుకుంటున్నరని ఎవరో ఒక తట్ట కాంక్రీటు పోసి గట్టు కట్టి ఉంటరు. వానాకాలం పంట కోతలప్పుడు సగం రోడ్డు వడ్లు, వాటి అంచున రాళ్ళు. ఫోనులో చూసిన ఆ పాలపిట్ట రంగు బండిని తొర్రూరు నుంచి మరిపెడ దాకా తోలుకపోయి చూపించమనండి.

ఇక అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. తొందరగా దించాలంటే చాలా చోట్ల చేసే పని, గ్యాస్ మంట పెట్టి కమాను ఎర్రగా కాల్చడం. కాలింది కాలినట్టే సాగి కూర్చుంటుంది. పది నిమిషాల పని. చాచాకు ఇది చెప్తే మండింది. ఆయన షాపుకు పక్కనే కదా పెంబర్తి. కాకతీయుల కాలం నుంచి పేరున్న ఇత్తడి పని ఊరు. అక్కడి విశ్వకర్మలు రేకును కాలుస్తరు, చల్లారుస్తరు, సుత్తితో కొడతరు, బిగుసుకుంటే మళ్ళీ కాలుస్తరు. కాల్చేదే మెత్తబడటానికి. మెత్తబడితేనే రేకు మీద హంస లేస్తుంది, తీగ లేస్తుంది. చాచా అన్న మాట ఇది: "రేకుకు మెత్తదనం గావాలె సారూ, కమానుకు పొగరు గావాలె. మంట పెడ్తె పొగరు పోతది."

పొగరు అంటే ఏంటో చెప్తా. కమాను చేసేది సిలికాన్, మాంగనీసు కలిసిన ఉక్కుతో. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజు లెక్క గట్టిపడుతుంది, పెళుసవుతుంది. దాన్ని మళ్ళీ తక్కువ వేడి మీద కొలతగా కాచి పెళుసుదనం తీస్తరు. అప్పుడే వంగి మళ్ళీ లేచే గుణం వస్తుంది. గ్యాస్ మంటకు కొలత లేదు. ఎక్కడ కాలిందో అక్కడ పట్టీ పాత ఇనుము అయిపోతుంది, దాని పక్కనే గట్టిది అట్లనే ఉంటుంది, ఆ రెండిటి నడుమ ఒక రోజు విరుగుతుంది. విరిగేది మెయిన్ పట్టీ కన్ను దగ్గరైతే ఇరుసు ఒక పక్కకు పోతుంది, బండి ఇంకో పక్కకు పోతుంది. చాచా పట్టీ వంపు మార్చేది చల్లగా ఉన్నప్పుడే. దిమ్మె మీద పెట్టి, చివర నుంచి చివర దాకా, వేలెడు వేలెడు జరుపుకుంటూ సుత్తితో. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి ఒక కట్ట.

ఇక్కడొక సంగతి గుర్తుకొస్తున్నది. బయ్యారం గుట్టల్లో ఇనుప రాయి ఉన్నది, మహబూబాబాదు జిల్లాలోనే. ఉక్కు ఫ్యాక్టరీ సంగతి పరిశీలించాలని 2014 విభజన చట్టంలో రాసుకున్నరు. ఆ గుట్టల కింది దారుల్లో తిరిగే బండ్లకు పట్టీలు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నయి. సరే, మన ముచ్చట అది కాదు.

దించడం వల్ల లాభం లేదా అంటే, ఉన్నది. ఒరిగి పడిపోవడం తగ్గుతుంది. దీనికి జీపుల చరిత్రలోనే ఒక పాఠం ఉన్నది. 1956 చివర్లో విల్లీస్ వాళ్ళు ఎఫ్‌సీ 150 అని ఒక పికప్పు తెచ్చిన్రు. దానికి ముక్కు లేదు, డ్రైవరు ముందు చక్రాల మీదనే కూర్చుంటడు. దాని తోబుట్టువులను మహీంద్రా కూడా మన దేశంలో ఎఫ్‌సీ 150, ఎఫ్‌సీ 160 పేర్లతో తయారు చేసింది. మన దేశపు అసలైన పాత పికప్పు ఏదంటే నేను దాన్నే చూపిస్త. పొట్టి బండి, పొడుగు మెడ. మొదట్లో ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ నడుమ 48 అంగుళాలే. మలుపుల్లో ఊగుతున్నదని 1958లో దాన్ని 57 అంగుళాలు చేసిన్రు. బండి బరువు నడిబొడ్డు నేల నుంచి 30 అంగుళాల ఎత్తున ఉందనుకుందాం. 48ని రెండు ముప్పైలతో, అంటే 60తో భాగిస్తే 0.80. వెడల్పు 57 చేస్తే 0.95. ఈ అంకె ఎంత పెద్దదైతే బండి అంత తొందరగా బోల్తా పడదు. వెడల్పు పెంచకుండా రెండు అంగుళాలు దించితే వచ్చేది 0.86. వెడల్పుతో వచ్చినంత లాభం దించుడుతోనే రావాలంటే దాదాపు ఐదు అంగుళాలు దించాలి. రెండు అంగుళాలు దిగితే మంచిదే, దాని కోసం ప్రాణం పెట్టాల్సిన పని లేదు అన్నట్టు.

చట్టం కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకూ ఆర్‌సీ బుక్కులోని వివరాలకూ తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. ఇంకోటి, 2021 జులైలో కేంద్రం వింటేజీ వాహనాలకు కొత్త నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటిన బండికి రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అనే గుర్తుతో నంబరు ఇస్తరు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు. షరతు ఏంటంటే బండి పుట్టినప్పటి రూపంలో ఉండాలె. చాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. మా తొట్టిని చూపించి ఆ నంబరు అడిగితే ఆఫీసులో నవ్వుతరు. మావాడు మొహం వేలాడేసిండు. చాచా మాత్రం, "పట్టీలు తీసేసుడు మార్చుడెట్లయితది? మీ బాపు మార్చిన్నాడు మార్చింది, నేను మల్ల మొదటికి తెస్తున్న" అన్నడు. వకీలుకు తట్టని వాదన.

రెండు రోజులు పట్టింది పని. మొదట ఇరుసు నడిబొడ్డు నుంచి బాడీ అంచు దాకా నాలుగు మూలలా సుద్దతో గీసి కొలిచిండు. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి అబద్ధం చెప్తుందట. యూ బోల్టులు విప్పితే యాభై ఏళ్ళ తుప్పు రాలింది. కుడి పక్క మూడు, ఎడమ పక్క నాలుగు, మొత్తం ఏడు పట్టీలు బయటికి వచ్చినయి. ఒక్కో పక్క మిగిలిన ఎనిమిదిని బ్రష్షుతో తోమి, నడుమ గ్రాఫైటు గ్రీజు పూసి, అలిసిన రెండిటికి చల్లగా వంపు సరిచేసి, కొత్త సెంటర్ బోల్టు, కొత్త యూ బోల్టులు వేసి బిగించిండు. పాత యూ బోల్టు ఒకసారి సాగింది, మళ్ళీ పట్టదని ఆయన నమ్మకం. అది నిజం కూడా. బుష్‌లు మార్చిండు, షాకబ్జర్లు మార్చిండు. ముందు కట్టల జోలికి పోలేదు, ఒక విరిగిన పట్టీ మార్చడం తప్ప.

వెనక రెండున్నర అంగుళాలు దిగింది. దిగినంక జరిగింది నేను ఊహించలేదు. ఇన్నేళ్ళు ఆ బండి 50 దాటితే స్టీరింగు అటూఇటూ కొట్టుకునేది, పట్టుకోలేక చేతులు గుంజేవి. ఇప్పుడు చక్కగా పోతున్నది. వెనక ఎత్తు ఉండడం వల్ల బండి ముందుకు వంగి, చక్రం తిరిగే కీలు వెనక్కి ఉండాల్సిన వాలు పోయింది. వెనక దిగేసరికి ఆ వాలు తిరిగి వచ్చింది. హెడ్‌లైట్లు కూడా అంతే. పది అడుగుల ముందు రోడ్డును తవ్వుతున్నట్టుండేవి, తల ఎత్తినయి.

మావాడికి తృప్తి లేదు. "ఇంకో రెండంగుళాలు చాచా" అన్నడు. చాచా వాడి చెయ్యి పట్టి ఇరుసుకూ, చాసిస్ మీది రబ్బరు బఫరుకూ నడుమ వేళ్ళు పెట్టించిండు. మూడు వేళ్ళు పట్టినయి. "గిదే మిగిలింది. గిది గూడ తీసుకుంటే గుంతల పడ్డప్పుడు నీ నడుమే బఫరు." కొత్త పికప్పులున్నవాళ్ళు ఇంకో మాట కూడా వినాలె. కొన్నిటిలో వెనక ఇరుసుకూ బాడీకీ నడుమ ఒక కడ్డీ ఉండి, దూరం తగ్గితే బరువు ఎక్కిందనుకుని వెనక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. ఆ బండిని దించితే ఖాళీగా పోతున్నప్పుడు కూడా బరువున్నట్టే అనుకుంటుంది, వానలో బ్రేకు తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. దించినవాళ్ళు ఆ కడ్డీని కూడా సరిచేయించుకోవాలె.

ఏడు పట్టీలు తొట్టిలో వేసుకుని ఊరికి వచ్చినం. సంగతి తెలిసి మా ఊరి కమ్మరి సాయంత్రమే వచ్చిండు. కమాన్ పట్టీ అంటే కమ్మరికి బంగారం. దాంతో చేసిన గొడ్డలి అంచు తొందరగా మొండిపోదు, కొడవలి ఎన్నాళ్ళైనా నిలుస్తుంది. మొత్తం ఇమ్మన్నడు. ఐదు ఇచ్చిన. ఎడమ పక్క ఆ పన్నెండో పట్టీ అందులో పోయింది.

మిగిలిన రెండు సీటు కింద గోనెలో చుట్టి ఉన్నయి. పని అయిపోయి వచ్చేటప్పుడు చాచా వాటిని వేరుగా తీసి సుద్దతో ఒక దాని మీద 'కుడి', ఇంకో దాని మీద 'ఎడమ' అని రాసి ఇచ్చిండు. ఇవెందుకు చాచా అంటే, మావాడి దిక్కు చూసుకుంట అన్నడు: "మీ అల్లుడు దించుమంటడు. మీ చిన్నమ్మ కొడుకు ఏదో నాడు మిర్చి ఉన్నది, బండి తెమ్మంటడు. గప్పుడు నన్నెక్కడ ఎతుకుతవు?"